దున్నేసిన తోటకి మందెందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతాను. ఈ వ్యాపారంలోకి వచ్చి 34 ఏళ్లయింది. పత్రికకు ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక రైతు ఆత్మహత్య వార్త వచ్చింది. ఏ మందో పేరుతో సహా వేశారు. ఎక్కడ, ఎన్నింటికి, ఎలా అన్నదీ వేశారు. కింద భార్యాపిల్లలు ఏడుస్తున్న ఫొటో, పైన 'అప్పుల బాధ తాళలేక' అని పెద్దక్షరాలు. ఆ పొద్దున మా కొట్టు ముందు టీ తాగుతూ నలుగురు రైతులు ఆ వార్త పైకి చదువుకున్నారు. అందులో ఒకాయన మందు పేరు దగ్గర ఆగి నా వంక చూశాడు. ఆ మందు నా కొట్లోనూ ఉంది. ఆయన చూపుకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నది అదే అనుకోండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందటి మాట. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక పత్తి రైతు నా దగ్గరకు వచ్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టిన రోజులు చూసి కూడా సేద్యం వదలని మనిషి. ఒకరోజు సాయంత్రం వచ్చి ఏమీ కొనలేదు. జేబులోంచి 340 రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడో బస్సు తప్పిపోతే నా దగ్గర తీసుకున్న చేబదులు. నేనే మర్చిపోయాను. "ఇప్పుడేం తొందరన్నా" అన్నాను. "చిల్లర బాకీలు ఉండకూడదు తమ్ముడూ" అన్నాడు. చేతిలో గొడుగు కూడా అక్కడే పెట్టి, "పనికొస్తుంది, ఉంచుకో" అన్నాడు. వానలు పడుతున్న రోజులు. వానాకాలంలో గొడుగు ఎవరైనా ఇచ్చేస్తారా? నేను నవ్వి, డబ్బు గల్లాపెట్టెలో వేసుకుని, పక్కన నిలబడ్డవాడికి ఏం కావాలో అడిగాను. నాలుగో రోజు కబురు తెలిసింది. ఎలా పోయాడో రాయను.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. పెద్ద ఖాతాలో ఆయన బాకీ అలాగే ఉంది. పెద్దకర్మ అయిన నెలకి మా గుమాస్తాని పంపించి ఇంట్లోవాళ్లని అడిగించాను. నేను మాత్రం వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. పదకొండు నెలల తర్వాత వెళ్తే ఆవిడ బాకీ ఊసు ఎత్తలేదు. "మామూలుగా పోతే పలకరించడానికి వస్తారన్నయ్యా. ఇలా పోతే ఎవరూ రారు. మా గడప తొక్కింది అప్పులవాళ్లే" అంది. మంచినీళ్లిచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. ఆ గొడుగు ఇప్పటికీ మా కొట్లోనే ఉంది. ఎవరికీ ఇవ్వను.

చిన్న బాకీలు తీర్చేయడం, వాడుకునే వస్తువులు పంచిపెట్టడం, పిల్లల్ని ఎవరికో అప్పగిస్తున్నట్టు మాట్లాడటం, అప్పటిదాకా కుమిలిపోయిన మనిషి ఒక్కసారిగా తేటపడటం. ఇవి గుర్తుపట్టాల్సిన సంగతులని ఆ తర్వాత తెలిసింది. మనం వాటిని మంచితనం అనుకుంటాం. తేటపడితే "హమ్మయ్య, కోలుకున్నాడు" అనుకుంటాం.

ఇక రెండో మనిషి. ఇతని ఊరు, పేరు రాయను. ఉత్తరం మొత్తం అతనికి చదివి వినిపించి, సరేనన్నాకే పంపుతున్నాను.

2021 చివర్లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చిన సంగతి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పూతలో చేరి పూతను పూతగానే రాల్చేసింది. మా దగ్గరున్న మందులన్నీ కొట్టారు, మార్చి కొట్టారు, కలిపి కొట్టారు. మేము అమ్మాం, అదీ నిజమే. అరువుకిచ్చి ఖాతాలో రాసుకున్నాం. రైతు అప్పుల గురించి మాట్లాడేటప్పుడు బ్యాంకులనీ, వడ్డీ వ్యాపారులనీ అంటారు గానీ కౌలు రైతుకి సగం బ్యాంకు మా కొట్టే. 2022 సంక్రాంతి నాటికి చాలామంది తోటలు దున్నేశారు.

పండగైన నాలుగో రోజు, రాత్రి ఎనిమిదిన్నరకి షట్టరు సగం దించాక ఒక కుర్రాడు వంగి లోపలికి వచ్చాడు. మూడెకరాలు కౌలుకి చేసేవాడు. తోట దున్నించేశానని వారం కిందటే ఇదే కొట్లో కూర్చుని చెప్పాడు. ఇప్పుడు ఒక మందు పేరు చెప్పి, "ఒక డబ్బా ఇవ్వండి బాబాయ్" అన్నాడు. డబ్బులు చేతిలో మడిచి పట్టుకున్నాడు. అప్పటిదాకా వాడెప్పుడూ నగదు ఇచ్చి ఎరగడు.

మందు కొనే రైతు ఊరికే కొనడు. తెగులు పట్టిన ఆకు తెంపుకుని జేబులో పెట్టుకొస్తాడు, ఇప్పుడైతే ఫోన్లో ఫొటో చూపిస్తాడు. పోయినసారి ఇచ్చింది పనిచెయ్యలేదని దులిపేస్తాడు. ధర దగ్గర బేరమాడతాడు, పక్క కొట్లో ఇంతకే ఇస్తున్నాడంటాడు. వీడు ఏదీ చెయ్యలేదు.

"దున్నేసిన తోటకి మందెందుకు అబ్బాయ్?" అన్నాను.

పలకలేదు. బల్ల అంచు గీకుతూ నిలబడ్డాడు.

అసలు మాట అడగడానికి నాకు పది నిమిషాలు పట్టింది. మన ఇళ్లలో చావు మాట నోట రానివ్వరు. "తథాస్తు దేవతలుంటారు, తప్పు" అని చిన్నప్పుడు మా నాయనమ్మ నోటి మీద కొట్టేది. అంటే అయిపోతుందని భయం. చదువుకున్నవాళ్లకీ ఇదే భయం, మాటలే వేరు: "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో" అంటారు. పుట్టదు. ఈ విషయం మీద పరిశోధనలు చేసినవాళ్లంతా చెప్పేది ఇదే. ఆ ఆలోచన ఉన్నవాడికి అడిగినందుకు ప్రాణం తేలికపడుతుంది, లేనివాడు "ఛ, ఏం మాటలండీ" అని విసుక్కుంటాడు. విసుక్కుంటే మనకు పోయేదేముంది? ఇవన్నీ ఆ రాత్రి నాకు తెలియవు. గొడుగు తెలుసు, అంతే.

"చచ్చిపోదామనుకుంటున్నావా?" అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. యూరియా బస్తా మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి నేను చేసినవన్నీ తప్పులే. "పెళ్లాంబిడ్డల మొహం గుర్తురాలేదా" అన్నాను. "మగాడివై ఉండి పిరికిపని చేస్తావా" అన్నాను. "ఈ ఏడు పోతే వచ్చే ఏడు, భూమి ఎక్కడికి పోతుంది" అన్నాను. కౌలు రైతుతో ఆ మాట అన్నాను చూడండి! భూమి వాడిదైతే కదా. ఒక్కో మాటకీ వాడు ఇంకా ముడుచుకుపోయాడు. చివరికి నా దగ్గర మాటలైపోయి ఊరుకున్నాను. ఊరుకున్నాక వాడు మొదలుపెట్టాడు. కౌలు, పెట్టుబడి, తాకట్టు పెట్టిన బంగారం, ఆ బంగారం మరదలిది కావడం, పండక్కి అత్తారింట్లో ఆ మాట బయటపడటం, అందరూ భోజనం చేస్తుంటే మామగారు అన్న ఒక ముక్క. అప్పు సంగతి నాలుగు మాటల్లో ముగించాడు. ఆ ముక్క దగ్గరే అరగంట ఆగాడు.

తొమ్మిదిన్నరకి మా ఇంట్లోంచి ఫోన్. "అన్నం చల్లారిపోతోంది." "ఇద్దరం వస్తున్నాం" అన్నాను. మా ఆవిడ ఏమీ అడగలేదు. పప్పుచారు వేడిచేసి, గోంగూర పచ్చడి, పండగ అరిసెలు పెట్టింది. వాడికి రెండు రోజులుగా తిండి లేదని తినే తీరు చూస్తే తెలిసింది. "ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు బాబాయ్" అన్నాడు. చెప్పననే మాట నేను ఇవ్వలేదు. ఆ ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను. "నువ్వు ఎవర్ని నమ్ముతావో చెప్పు, వాళ్లకే చెబుతాను" అన్నాను. బావమరిది పేరు చెప్పాడు. పదకొండింటికి అతను బండి మీద వచ్చాడు. ఆ రాత్రి ముగ్గురం వరండాలోనే పడుకున్నాం. నేనైతే నిద్రపోలేదు, దోమలూ ఉన్నాయనుకోండి.

పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. మానసిక వైద్య విభాగం ఓపీ చీటీ రాయించేటప్పుడు బావమరిది నా చెవిలో "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అన్నాడు. "గుండె నొప్పొస్తే గుండె డాక్టరు దగ్గరికి పోమూ?" అన్నాను. లోపల నాకూ బెరుగ్గానే ఉంది, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని కండువా కప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

డాక్టరమ్మ అతనితో చాలాసేపు మాట్లాడాక నన్ను విడిగా పిలిచింది. నేను గొప్పగా చెప్పాను, "బిడ్డ మీద ఒట్టు వేయించుకున్నానమ్మా, ఇక చెయ్యడు" అని. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. ఒట్టు వేసినవాడికి మళ్లీ ఆ ఆలోచన వస్తే, ఒట్టు తప్పుతున్నానన్న సిగ్గుతో మీకు చెప్పడం మానేస్తాడంది. ఒట్టు బదులు ఇంకోటి అడగమంది: మళ్లీ అలా అనిపిస్తే ముందు ఏం చేస్తావు, ఎవరింటికి వెళ్తావు, ఎవరికి ఫోన్ చేస్తావు, వాళ్లు ఎత్తకపోతే ఎవరికి? కాగితం మీద రాయించి జేబులో పెట్టమంది. ఇంట్లో మిగిలిన మందు డబ్బాలు ఆ రోజే తీయించెయ్యమంది. ఆ గడ్డు ఘడియ వచ్చి పోతుందట, ఎల్లకాలం ఒకేలా ఉండదట. మన పెద్దలు గండం గడిచింది అంటారే, అదే. ఆ కాసేపు చేతికి అందేంత దూరంలో ఏముంది, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టే చాలాసార్లు ప్రాణం నిలుస్తుంది.

పోయేముందు ఇంకో మాట అంది. "ఇవాళ తీసుకొచ్చారు, మంచిది. వచ్చే వారం ఏం చేస్తారు?" నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, చెన్నైతో కలిపి ఐదు దేశాల్లోని ఐదు చోట్ల జరిగిన ఒక అధ్యయనం గురించి. 2008లో అచ్చయింది. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు వైద్యం చేసి పంపారు. మిగతావాళ్లకి దానితోపాటు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడి, తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికి వెళ్లో పలకరించారు. ఏడాదిన్నరకి లెక్క చూస్తే, మామూలు వైద్యం పొందినవాళ్లలో 2.2 శాతం ఆత్మహత్యతో పోయారు. పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం.

లెక్కలంటే వ్యాపారికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ తొమ్మిదిసార్లూ ఎప్పుడెప్పుడో అడిగి, కొట్టుకి రాగానే ఖాతా పుస్తకంలో అతని పేజీ తీసి, వాయిదాలు రాసుకున్నట్టే రాసుకున్నాను. ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పదకొండు వారాలకి. ఆ తర్వాత నాలుగు, ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలలకి. ఆ తేదీల్లో ఫోన్ చేశాను. మాట్లాడేదేమీ ఉండేది కాదు. "తిన్నావా? మాత్రలు వేసుకుంటున్నావా? అటు వానలున్నాయా?" రెండు నిమిషాలు. ఏడో వారంలో ఒక రోజు ఆలస్యమైతే వాడే చేశాడు, "బాబాయ్, నిన్న చెయ్యలేదే" అని.

అతను ఇప్పుడు కౌలు మానేసి ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నాడు. అప్పులన్నీ తీరిపోయి సుఖంగా ఉన్నాడని రాస్తే అబద్ధం. నా బాకీయే ఇంకా కొంత ఉంది. అది వదిలేశానని గొప్ప చెప్పుకోను, మొన్న దసరాకి అడిగాను కూడా. ఇస్తాలే బాబాయ్ అన్నాడు. బేరమాడే మనిషి మళ్లీ వచ్చాడు, నాకదే సంతోషం.

ఆ కుర్రాడు వచ్చిన రాత్రికి, మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు లేదు. అదే ఏడాది, 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను ముందు నా మీదే పరీక్ష చేసుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం కొట్లో బేరాల్లేనప్పుడు చేసి, "నాకేమీ లేదమ్మా, మా దగ్గరికి వచ్చే మనిషి ఇలా ఉంటే ఏం చెయ్యాలి?" అని అడిగాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పక్కన ఉండేవాళ్లు కూడా చెయ్యొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ నంబరు కాగితం మీద పెద్దగా రాయించి గల్లాపెట్టె వెనక, అందరికీ కనబడేట్టు అంటించాను. లక్ష్మీదేవి పటం పక్కన ఇదేమిటని మా ఆవిడ మొదట గొణిగింది.

జనం ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకే ఇంకో కారణం పోలీసు కేసు. ఊళ్లల్లో ఈ భయం వల్ల గంటలు గంటలు ఇంట్లోనే చిట్కా వైద్యాలు చేస్తారు, చివరికి చేయి దాటిపోయాక బండెక్కిస్తారు. ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు, పోలీసులు వచ్చి అడుగుతారు, నిజమే. శిక్ష మాత్రం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, అందుకు శిక్షించకూడదనీ, వైద్యం చేయించి ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అనీ అందులోని 115వ సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే 309 సెక్షన్ పాత శిక్షాస్మృతిలో ఉండేది, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది లేదు. అధికారుల్ని బెదిరించి పని చేయించుకోవడానికి చేసేదానికి వేరే సెక్షన్ ఉంది, దాని సంగతి వేరు. అందుకని 108కి ఫోన్ చెయ్యడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించొద్దు.

నా కొట్టుకి వచ్చేది రైతులు కాబట్టి ఇది రైతు సమస్య అనే చాలాకాలం అనుకున్నాను. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కలు చూశాక కళ్లు తెరుచుకున్నాయి. ఆ ఏడాది దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో పోయారు. రైతులు, రైతు కూలీలు కలిపి 11,290. రోజు కూలీలు మొత్తంలో నాలుగో వంతుకి పైగా ఉన్నారు. ఆడవాళ్లు 48,172 మంది, అందులో సగానికి పైగా ఇల్లు చూసుకునే గృహిణులే. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, తర్వాత జబ్బులు. కాబట్టి 'అప్పుల బాధ తాళలేక' అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి. ఆ కుర్రాడు అరగంట ఆగింది అప్పు దగ్గర కాదు, భోజనాల దగ్గర మామగారు అన్న మాట దగ్గర.

ఇది మా ఆవిడకి చదివి వినిపిస్తే, "మీ కొట్టుకి ఆడవాళ్లు రారు, వాళ్ల సంగతి మీకెలా తెలుస్తుంది?" అంది. మా వీధిలో ఒకామె డ్వాక్రా మీటింగుకి వరసగా రెండు నెలలు రాకపోతే, వాయిదా కోసం కాకుండా మనిషి కోసం ఇంటికి వెళ్లింది ఈవిడే. వాయిదా కట్టలేని మనిషిని పదిమందిలో నిలబెట్టి అడిగే అలవాటు కొన్ని గ్రూపుల్లో ఉంది. ఆ పని మానేస్తే అదే పెద్ద సాయమని ఆవిడ రాయమంది. రాశాను.

పిల్లల సంగతి కూడా ఒక్క మాట. మా మనవరాలు విజయవాడ శివార్లలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. పిల్ల మూడు రోజులుగా కంచం పెట్టింది పెట్టినట్టే తిరిగి ఇచ్చేస్తోందని కనిపెట్టింది మెస్సులో వడ్డించే ఆవిడ. పక్కకి పిలిచి అడిగి, తన ఫోన్ నుంచే మాకు కలిపి ఇచ్చింది. అప్పటికి మాకు వచ్చిన మెసేజీలన్నీ మార్కులవే. ఆ సాయంత్రానికే మా అల్లుడు బస్సెక్కాడు. పిల్ల ఫిజిక్స్ తప్పింది, మేలో సప్లిమెంటరీ రాసి పాసైంది. రిజల్ట్స్ రోజున "ఎన్నొచ్చాయి?" అని ఫోన్ చేసే బంధువులకి ఒక మనవి: చెయ్యకండి. తప్పిన పిల్ల ఇంటికి మర్నాడు మామూలుగా వెళ్లి టీ తాగి రండి, మార్కుల ఊసెత్తకుండా.

మళ్లీ నా కొట్టు దగ్గరికి వస్తాను. శ్రీలంకలో 1990ల నుంచి బాగా విషమున్న పురుగుమందులని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. ఆ దేశంలో ఆత్మహత్యల రేటు మూడింట రెండొంతులకు పైగా తగ్గింది. దిగుబడులు పడిపోలేదు. మా వ్యాపారుల్లో ఈ మాట ఎత్తితే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. తమిళనాడులో కడలూరు జిల్లాలో రెండు ఊళ్లలో ఊరుమ్మడిగా లాకర్ల గది కట్టి, ఎవరి మందు వాళ్ల లాకర్లో పెట్టించారు. ఇంట్లో మందు లేదు. అక్కడా ఆత్మహత్యలు తగ్గాయి. మన ఊళ్లల్లో మందు డబ్బాలు మంచాల కింద, బియ్యం బస్తాల పక్కన ఉంటాయి. పాలకేంద్రానికి గది ఉంది, రచ్చబండకి షెడ్డుంది, ఇలాంటి గదొకటి కట్టుకోవడానికి పంచాయతీకి పెద్ద ఖర్చేం కాదు. నా మటుకు నేను సీజను అయ్యాక సీలు తియ్యని డబ్బాలు వెనక్కి తీసుకుని ఖాతాలో తగ్గించేస్తున్నాను. రాత్రి పొద్దుపోయాక, తాగి వచ్చినవాళ్లకి, పంట సంగతి చెప్పనివాళ్లకి అమ్మను. రేపు పొద్దున రమ్మంటాను, ముందు కూర్చోబెట్టి టీ తెప్పిస్తాను. బేరం పోతుంది. టీ ఖర్చు నాది.

మా డీలర్లకి ఒక డిప్లొమా కోర్సు ఉంది, 48 వారాలు, వారానికో రోజు క్లాసు. నేల గురించి, పురుగుల గురించి, బిల్లు పుస్తకం గురించి చెప్పారు. బల్లకి అవతల నిలబడ్డ మనిషి గురించి మా బ్యాచ్‌లో ఎవరూ చెప్పలేదు. 48లో ఒక్క క్లాసు దీనికివ్వమని వ్యవసాయ శాఖ వారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఆసుపత్రి నుంచి ఒక డాక్టరు వచ్చి రెండు గంటలు మాట్లాడితే చాలు. ఎలా అడగాలి, ఏ మాట అనకూడదు, ఎక్కడికి పంపాలి. నాలా యూరియా బస్తా మీద కూర్చోబెట్టి పిరికివాడా అని తిట్టకుండా ఉంటారు.

ఇక మీకు. సెప్టెంబరు 10న, ఆత్మహత్యల నివారణ దినం అని మీరు మంచి వ్యాసమే వేస్తారు. మిగతా 364 రోజులూ జిల్లా పేజీ పాత పద్ధతిలోనే నడుస్తుంది. ఇలాంటి వార్తలు పెద్దగా పరచకూడదనీ, ఎలా జరిగిందో వివరాలు వెయ్యకూడదనీ, ఫొటోలు వద్దనీ 2019లోనే ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలిచ్చింది. మీ విలేకరిని తప్పుబట్టడం లేదు, అతనికీ పైనుంచి టెన్షన్ ఉంటుంది. మందు పేరు తీసెయ్యమనండి చాలు. ఆ జాగాలో నంబరు పడుతుంది. ఆ పొద్దున టీ తాగుతూ చదివిన నలుగురిలో ఒకడికి అది అవసరమై ఉండొచ్చు. నా వంక చూసినాయన్ని ఆ సాయంత్రం నేను అడిగాను లెండి. ఆయనకేమీ లేదు. వాళ్ల తమ్ముడి గురించి బెంగట. నంబరు రాసుకుని వెళ్లాడు.

ఉత్తరం పెద్దదైంది. చోటు చాలకపోతే ఎక్కడైనా కోసెయ్యండి, నా తప్పులతో సహా. నంబరు మాత్రం ఉంచండి: 14416.

ఇట్లు,
ఒక ఎరువుల దుకాణదారు, గుంటూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)